పేరు లేని వస్త్రం, వస్త్రం లేని పేరు: కోరమాండల్ కలంకారీల సేకరణ చరిత్ర

కాకతీయుల కాలపు కవి పాల్కురికి సోమనాథుడు తన ద్విపద రచనలో ఒకచోట వస్త్రాల పేర్లను వరసగా గుదిగుచ్చాడు. వెంజావళి, జయరంజి, మంచుపుంజము, హంసవడి, గండవడము, రాయవల్లభము, చీని, మహాచీని మొదలైన పేర్లతో సాగే ఆ పట్టికను సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949)లో ఉదాహరించి, సాంఘిక చరిత్రకు అది ఎంత విలువైన ఆధారమో చూపించారు. ఆ తరువాత నిఘంటుకారులు, వ్యాఖ్యాతలు ఈ పదాల్లో చాలావాటికి ‘ఒక విధమైన వస్త్రము’ అన్న అర్థం ఇచ్చి ఊరుకున్నారు. అంతకన్న ఏమీ చెప్పలేని స్థితి అది. ఆ పేర్లలో ఏ ఒక్కదానికైనా ఇదిగో ఇదే ఆ బట్ట అని గుర్తించి చూపగల నమూనా లేదు.

దీనికి సరిగ్గా తలకిందులైన స్థితి ప్రదర్శనశాలల్లో కనిపిస్తుంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, టొరంటోలోని రాయల్ అంటారియో మ్యూజియం, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియం, టోక్యో జాతీయ మ్యూజియం వంటి చోట్ల కోరమాండల్ తీరంలో తయారైన 17, 18 శతాబ్దాల చిత్రవస్త్రాలు ఉన్నాయి. వాటి కొలతలు, దారాల ఒత్తు, రంగుల రసాయన స్వభావం, చేతులు మారిన వైనం అన్నీ నమోదయ్యాయి. వాటిని తయారుచేసినవారు ఆ బట్టను ఏ పేరుతో పిలిచేవారన్నది మాత్రం ఆ పట్టికల్లో అరుదు. సాహిత్యంలో వస్త్రం లేని పేర్లు, సేకరణల్లో పేరు లేని వస్త్రాలు మిగిలాయి. ఈ రెండూ ఎందుకు విడిపోయాయో, అవి ఒకదానికొకటి ఎదురుపడే చోటు ఎక్కడైనా ఉందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కట్టినవి మిగలవు

సోమనాథుని పట్టికను జాగ్రత్తగా చూస్తే పేరు పెట్టిన పద్ధతులు కొన్ని బోధపడతాయి. చీని, మహాచీని అన్నవి వచ్చిన దేశాన్నిబట్టి ఏర్పడ్డవి. హంసవడి వంటిది బట్టమీది రూపాన్ని సూచిస్తుంది. రాయవల్లభము, రాయశేఖరము అన్నవి కొనుగోలుదారు హోదాను ఊరించే పేర్లు. వర్తకుని నోట పుట్టి ఉండాలి. మంచుపుంజము అన్న మాట తెల్లని పలుచని నూలుబట్టను స్ఫురింపజేస్తుంది. మార్కో పోలో 13వ శతాబ్దం చివర ‘ముత్ఫిలి’ అని పేర్కొన్న రాజ్యంలో, అంటే మోటుపల్లి రేవుగా ఉన్న కాకతీయ రాజ్యంలో, సాలెపురుగు గూడును తలపించే సన్నని బట్టలు నేస్తారని రాశాడు. అదే సీమలో, దాదాపు అదే కాలంలో మంచు పేరుతో ఒక బట్ట ఉండడం కాకతాళీయం కాకపోవచ్చు. అయినా ఇది ఊహే తప్ప నిర్ధారణ కాదు.

15వ శతాబ్దంలో శ్రీనాథుడు ‘హరవిలాసం’ అవతారికలో అవచి తిప్పయసెట్టి వంశపువారి సముద్ర వ్యాపారాన్ని వర్ణిస్తూ, సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు వచ్చినట్టే చీనా నుంచి చీనాంబరాలు వచ్చాయని చెప్పాడు. కవికి విదేశం నుంచి దిగిన పట్టు వర్ణనీయమైంది. తెలుగు రేవుల నుంచి ఎగుమతి అయిన నూలుబట్ట అంత వర్ణనీయం కాలేదు. అది ఇంటి సరుకు. 18వ శతాబ్దంలో అయ్యలరాజు నారాయణామాత్యుని ‘హంసవింశతి’ నాటికి దైనందిన వస్తువుల పట్టికలు కావ్యంలో ధారాళంగా చోటు చేసుకున్నాయి, వాటిలో వస్త్రాలూ ఉన్నాయి. అయితే పట్టిక పేరును చెబుతుంది కాని రూపాన్ని చెప్పదు. శ్రోతకు ఆ బట్ట తెలుసు కనుక కవి వర్ణించనక్కరలేదు.

మరి ఆ బట్టలు ఏమయ్యాయి? సాధారణంగా వినిపించే సమాధానం వాతావరణం. ఉక్క, తేమ, చెదపురుగు కలిసి దక్షిణ భారతంలో నూలును బతకనీయవన్నది నిజమే. అయితే ఈ సమాధానం మొత్తం విషయాన్ని వివరించలేదు. ఇండోనేషియాలోని సులవేసి దీవి కూడా ఉక్కా వానా తక్కువైన చోటు కాదు. అక్కడి తొరాజా కొండ ప్రజల ఇళ్లలో భారతీయ నూలుబట్టలు వందల ఏళ్లు నిలిచాయి. వాటిలో కొన్ని 14, 15 శతాబ్దాల నాటివని రేడియోకార్బన్ పరీక్షలు తేల్చాయి. వాటిలో గుజరాత్ బట్టలే ఎక్కువ. కోరమాండల్ బట్టలు కూడా ఇండోనేషియా దీవుల్లో వంశపారంపర్య సంపదగా నిలిచాయి. తేడా గాలిలో లేదు, వాడుకలో ఉంది. తొరాజాల ‘మాఆ’ వస్త్రం ఒంటికి కట్టే బట్ట కాదు. అది పెద్దల ఆస్తి. పెట్టెలో దాచి, అంత్యక్రియలు వంటి పెద్ద క్రతువులకు మాత్రమే బయటికి తీసే పవిత్ర వస్తువు.

తెలుగు ఇంట్లో బట్ట ఆయుష్షు మరోలా సాగుతుంది. కొత్త చీర పసుపు అద్దుకుని పెట్టెనుంచి బయటికి వస్తుంది, పండుగ చీర అవుతుంది, రంగు వెలిశాక ఇంటి చీర అవుతుంది, మెత్తబడ్డాక పసిబిడ్డకు ఉయ్యాల అవుతుంది, పొత్తిగుడ్డలుగా చిరుగుతుంది. మిగిలినది బొంతలో చేరుతుంది. చివరికి మసిగుడ్డ. ఎంత ఖరీదైన నూలుబట్టకైనా ఈ క్రమం తప్పదు. జరీ పట్టుకు వేరే అంతం ఉంది. పాత పట్టుచీరలను కొనే వీధి వర్తకులు వాటిని కాల్చి జరీలోని వెండిని రాబట్టేవారు. వాటికి బదులుగా ఇంట్లోకి స్టీలు సామాను వచ్చేది. బట్టకున్న విలువ పూర్తిగా వాడుకోవడంలోనే ఉందని నమ్మిన సంస్కృతి ఇది. అందువల్ల దాని దగ్గర పేర్లు మిగిలాయి, బట్టలు మిగలలేదు. పాతబట్టను దాచకపోవడాన్ని అజ్ఞానంగా చూసే వలసకాలపు దృష్టి నేటి పరిశోధనలోనూ అప్పుడప్పుడూ తొంగిచూస్తుంది. బిడ్డను పడుకోబెట్టడానికి అమ్మమ్మ చీరనే ఎంచుకోవడం కూడా ఒక విధమైన భద్రపరచడమే అన్న సంగతి ఆ దృష్టికి అందదు.

దాచినవారి ముద్రలు

సేకరణల్లో ఉన్న కోరమాండల్ వస్త్రాలు దాదాపుగా ఇతరుల కోసం తయారై, ఇతరుల చేతుల్లో భద్రంగా ఉన్నవి. ఎవరు దాచారో వారు తమ ముద్ర వేశారు.

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1606లో మచిలీపట్నంలోను, పెటపోలిలోను, అంటే నేటి నిజాంపట్నంలోను వర్తక స్థావరాలు ఏర్పరచుకుంది. ఇంగ్లీషువారు 1611లో వచ్చారు. ఇద్దరికీ మొదట కావలసింది యూరప్‌కు బట్ట కాదు, ఆగ్నేయాసియా దీవుల్లో సుగంధద్రవ్యాలు కొనడానికి మారకపు సరుకు. జావా, సుమత్రా, మొలుక్కాల ప్రజలు వెండికన్న భారతీయ వస్త్రాన్ని ఎక్కువగా కోరేవారు. ఇండోనేషియా కుటుంబాల్లో బయటపడిన కొన్ని కోరమాండల్ బట్టల మూలన ఆ కంపెనీ పొడి అక్షరాల ముద్ర నేటికీ కనిపిస్తుంది. ఆ కంపెనీ 1799లో మూతపడింది కనుక బట్ట వయసు తేల్చడానికి పరిశోధకులకు అది గట్టి ఆధారం. మచిలీపట్నం గిడ్డంగి గుమాస్తా లెక్క కోసం వేసిన గుర్తు మూడు శతాబ్దాల తరువాత చరిత్రకారుని ఆధారంగా మారింది.

రాజస్థాన్‌లోని ఆంబేర్ కచ్ఛవాహ రాజులు తమ తోషఖానాలో గోలకొండ రాజ్యపు చిత్రవస్త్రాలను భద్రపరిచారు. దుప్పట్లు, చతురస్రాకారపు రుమాళ్లు, గోడకు వేలాడదీసే తెరలు వాటిలో ఉన్నాయి. 17వ శతాబ్దపు పూర్వార్ధానికి చెందిన ఈ బట్టల్లో కొన్నింటి వెనుకవైపు తోషఖానా అధికారులు వేసిన ముద్రలు, తేదీలు, కొలతలు వంటి వివరాలు మిగిలాయి. 20వ శతాబ్దం మొదట్లో ఆ నిల్వ చెదిరిపోయి ఒక్కొక్క ముక్కా ఒక్కొక్క మ్యూజియం చేరింది. బ్రూక్లిన్ మ్యూజియం కోసం స్టూవర్ట్ క్యూలిన్ 1914లో సేకరించిన ఏడు పలకల తెర వీటన్నిటిలో ప్రసిద్ధమైనది. సుమారు 1610–1620 నాటిదని భావించే ఆ తెరలో ఒక్కొక్క పలకలో ఒక్కొక్క జాతివారు కొలువుతీరారు. టోపీల యూరోపియన్లు, ఆగ్నేయాసియా ప్రజలు, భారతీయ రాజపరివారం పక్కపక్కనే కనిపిస్తారు. రేవు పట్టణంలో నిలబడి లోకాన్ని చూసిన చిత్రకారుడే వేయగల బొమ్మ అది. ఈ వస్త్రాలను ఒక వర్గంగా గుర్తించి జాన్ ఇర్విన్ 1959లో ‘లలితకళ’ పత్రికలో రాసిన వ్యాసం గోలకొండ చిత్రవస్త్రాల అధ్యయనానికి పునాది వేసింది.

జపానువారి సేకరణ మరో తీరు. కోరమాండల్, గుజరాత్ బట్టలను వారు ‘సరసా’ అన్నారు. తేనీటి క్రతువులో వాడే పాత్రలకు సంచులుగా, చుట్టుగుడ్డలుగా చిన్నచిన్న ముక్కలను ఎంతో ఆదరంగా వాడుకున్నారు. 1778లో సరసా నమూనాలను చిత్రాలతో వివరించే ‘సరసా బెన్రాన్’ అన్న పుస్తకమే వెలువడింది. హికొనే ప్రభువులైన ఈ వంశీయులు కూడబెట్టిన సుమారు 450 సరసాలు ‘హికొనే సరసా’ పేరుతో టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. తెలుగు ఇంట్లో మసిగుడ్డ కాదగిన పరిమాణంలో ఉన్న ముక్క అక్కడ సంపద.

యూరప్‌లో కథ ఇంకా విచిత్రం. నేత పరిశ్రమల ఒత్తిడికి లొంగి ఫ్రాన్సు 1686లో భారతీయ చిత్రవస్త్రాలను నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం అమల్లో ఉంది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1720లో ఇంకా కఠినమైన మరో చట్టం చేసింది. నిషేధం కోరికను పెంచిందే కాని చంపలేదు. నెదర్లాండ్స్‌లో అలాంటి నిషేధం లేకపోవడంతో హిందలోపెన్ వంటి ఊళ్లలో ఆ బట్ట స్త్రీల సంప్రదాయ దుస్తుల్లో భాగమైపోయింది. కోరమాండల్ పువ్వు ఒక డచ్చి పల్లెకు ‘మా సంప్రదాయం’ అయింది.

ఇలా చేతులు మారినప్పుడల్లా పేరు మారింది. ఇంగ్లీషులో చింట్జ్, డచ్చిలో సిట్స్, జపానీలో సరసా. మంచంమీద పరిచే పెద్ద వస్త్రం పారశీకంలో ‘పలంగ్‌పోష్’, అదే ఇంగ్లీషు నోట పాలంపోర్. కలంకారీ అన్న మాట కూడా పారశీకం నుంచే వచ్చింది. 17వ శతాబ్దపు ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే మచిలీపట్నం ప్రాంతపు బట్టలను కలంతో వేసినవన్న అర్థంలో ‘కల్మెందార్’ అని పేర్కొన్నాడు. తెలుగులో చీటిగుడ్డ అన్న మాట ఉంది, అది హిందుస్తానీ ‘ఛీంట్’కు చుట్టం. అచ్చంగా పనివారి నోటి మాటలు అద్దకం, వ్రాతపని అన్నవి. అవి బట్టకు పేర్లు కావు, పనికి పేర్లు. ఈ సంగతి గమనార్హం. తయారుచేసేవానికి బట్ట ఒక పని. కొనేవానికి అది ఒక వస్తువు. సేకరణ పట్టికలు వస్తువులను నమోదు చేస్తాయి కనుక వాటిలోకి కొనేవాని మాటే ఎక్కింది.

పనిని రాసుకున్నవారు

పనిని నమోదు చేసిన విదేశీయులు లేకపోలేదు. వారిలో తెలుగు పరిశోధకులకు ఆసక్తి కలిగించవలసినవాడు జెసూట్ మతగురువు గాస్టన్ లోరాన్ కర్దూ. భాషాశాస్త్ర చరిత్రలో అతనిది చిన్న స్థానం కాదు. సంస్కృతానికి లాటిన్, గ్రీకులతో ఉన్న పోలికలను 1767లో ఫ్రాన్సు పండితులకు నివేదించినవాడు అతడు. తెలుగు, సంస్కృత, ఫ్రెంచి భాషల నిఘంటువును కూడా కూర్చాడు. అదే వ్యక్తి 1742లోను, 1747లోను రాసిన లేఖల్లో బట్టకు రంగులు వేసే విధానాన్ని అంచెలంచెలుగా వివరించాడు. ఆ పనివారిలో కొందరు అతని వద్ద క్రైస్తవం స్వీకరించినవారు. వారిని అడిగి తెలుసుకున్నాడు. పద సేకరణకూ పని సేకరణకూ అతడు అనుసరించిన పద్ధతి ఒకటే: తెలిసినవాని దగ్గర కూర్చుని అడగడం.

అతడు వర్ణించిన క్రమం నేటికీ శ్రీకాళహస్తిలో పనివారు అనుసరించే క్రమానికి దగ్గరగా ఉంది. బట్టను పేడనీటిలో నానబెట్టి, ఉతికి, ఎండబెట్టి తెల్లబరుస్తారు. కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచుతారు. కరక్కాయ వగరు రంగును పట్టి ఉంచుతుంది, పాలలోని కొవ్వు రంగును చెదరనివ్వదు. ఇనుప తుక్కును బెల్లంనీటిలో పులియబెట్టిన ద్రవంతో గీత గీస్తే, అది కరక్కాయతో కలిసి అక్కడికక్కడే నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీటిని మాత్రమే అద్దుతారు. అప్పటికి అక్కడ ఎరుపు ఉండదు. ఆ తరువాత చిరివేరుతో మరిగిస్తే పటిక తగిలిన చోట ఎరుపు తేలుతుంది, తక్కినచోట కడిగితే పోతుంది. నీలం కావలసినప్పుడు మిగతా బట్టంతా మైనంతో కప్పి నీలిమందు తొట్టిలో ముంచేవారు. పారే నీటిలో ఉతకడం ప్రతి అంచెకూ తప్పనిసరి.

పాత కోరమాండల్ బట్టను ఎరిగినవారు మొదట చూసేది ఆ ఎరుపునే. కృష్ణా ముఖద్వారపు ఇసుక నేలల్లో సున్నపు పాలు ఎక్కువ. అక్కడి చిరివేరు ఎరుపు గాఢంగా ఉంటుందని పేరు. మచిలీపట్నంలో 1618 నుంచి నాలుగేళ్లు కంపెనీ ప్రతినిధిగా ఉన్న విలియం మెథ్‌వోల్డ్ గోలకొండ రాజ్యంపై రాసిన వృత్తాంతంలో ఈ ఎరుపు ఉతికినా వెలవని తీరును మెచ్చుకున్నాడు. రెండోది గీత. రేకుల ఎరుపు మధ్యలో వెంట్రుకంత సన్నని తెల్లని గీతలు కనిపిస్తే, ఎరుపు వేయకముందే మైనంతో ఆ గీతలు గీశారన్నమాట. వేడి మైనం చల్లారి బిగుసుకునేలోపు వందల గీతలు, తడబాటు లేకుండా. మూడోది బట్ట వెనుకవైపు. తరువాతి కాలపు యంత్ర ముద్రణలో రంగు పైపైనే నిలిస్తే, ఇక్కడ అది దారంలోకి దిగి ఉంటుంది. బట్ట నేత సన్నగా, సమంగా లేకపోతే కలం దారానికి తట్టుకుంటుంది. కనుక చిత్రకారుని పేరు మోసే ఆ అందంలో సాలెవాని వాటా సగం.

అయితే కర్దూ లేఖల్లో తెలుగు పదాలను వెతికేవారికి కొంత నిరాశ తప్పదు. కరక్కాయకు అతడు వాడినది ‘కడుక్కాయ్’ అన్న తమిళ రూపం. కోరమాండల్ తీరమంతా ఒకే పనికి రెండు భాషలు ఉండేవి, కంపెనీలకూ మిషనరీలకూ పుదుచ్చేరి, మద్రాసు దగ్గర. తెలుగు పేరు మరోచోట దొరుకుతుంది. సామర్లకోటలో తోట పెంచి ఉత్తర సర్కారుల మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో వెలువడడం మొదలైన ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ గ్రంథంలో చిరివేరు మొక్కను వర్ణిస్తూ దాని తెలుగు పేరును ‘చెరివేలు’ను తలపించే రూపంలో, అది తెలింగుల మాట అని స్పష్టంగా చెప్పి నమోదు చేశాడు. రంగు వేసే తీరునూ అక్కడే వివరించాడు. అలా వేరుకు తెలుగు పేరు దక్కింది, ఆ వేరుతో తడిసిన బట్టకు దక్కలేదు. వృక్షశాస్త్రానికి స్థానిక నామం అవసరమని తోచింది, వస్త్ర వ్యాపారానికి తోచలేదు.

కర్దూకు ముందే, సుమారు 1734లో, ఆంత్వాన్ ద బొల్యూ అనే ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో ఒక చిత్రకారుని పని చూస్తూ ప్రతి అంచె తరువాతా బట్టనుంచి ఒక ముక్క కత్తిరించుకున్నాడు. పారిస్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉన్న అతని రాతప్రతిలో 11 ముక్కలు అతికించి ఉన్నాయి. ఫ్రాన్సులో ఆ పనిని అనుకరించడానికి ఉపయోగపడే సమాచారం అది.

ఇదే కత్తెర ఒక శతాబ్దం తరువాత ఎంతో పెద్ద ఎత్తున పనిచేసింది. ఇండియా మ్యూజియంకు చెందిన జాన్ ఫోర్బ్స్ వాట్సన్ 1866లో ‘భారత వస్త్ర ఉత్పత్తుల సంకలనం’ పేరుతో 18 సంపుటాలు రూపొందించాడు. వాటిలో 700 బట్టల నమూనాలను అతికించి, పొడవు, వెడల్పు, బరువు, దొరికిన చోటు, ధర రాశాడు. మొత్తం 20 ప్రతులు తయారుచేసి 13 బ్రిటన్‌లోను, 7 భారతదేశంలోను ఉంచారు. భారతీయులు ఏమి కడతారో తెలుసుకుని మాంచెస్టర్ మిల్లులు అలాంటివే నేయాలన్నది ఉద్దేశం. అతడు దానిని దాచుకోలేదు.

ఈ సంపుటాల్లో ఒక ఎత్తిపొడుపు దాగి ఉంది. ఎగుమతి కలంకారీలను ప్రేమించిన సేకర్తలు తెలుగువారు కట్టిన ధోవతిని, తలపాగాను, కూలివాని చీరను పట్టించుకోలేదు. వాటిని భద్రపరిచినది వాటి నేతను దెబ్బతీయడానికి తయారైన పుస్తకమే. ఆ సంపుటాలకు విలువ కట్టినవాడు అందాన్ని కాదు, అమ్మకాన్ని చూశాడు. అందుకే అందానికి ఎన్నికకాని రోజువారీ బట్ట అందులో చేరింది. మద్రాసు రాజధానిలోని ఊళ్ల బట్టలు కూడా అందులో ఉన్నాయి. బట్టల సామాజిక చరిత్ర రాయదలచిన తెలుగు పరిశోధకుడు పాలంపోర్ల కన్న ముందుగా తిరగవలసినవి ఆ పుటలు. పేరుతోపాటు బట్ట దొరికే అరుదైన చోటు అది, పేరు వంకరటింకరగా ఇంగ్లీషు స్పెల్లింగులో ఉన్నా సరే.

జాన్ ఇర్విన్, క్యాథరిన్ బ్రెట్ కలిసి 1970లో ప్రచురించిన ‘ఆరిజిన్స్ ఆఫ్ చింట్జ్’, మాటీబెల్ గిట్టింగర్ ‘మాస్టర్ డయ్యర్స్ టు ది వరల్డ్’ (1982) వంటి గ్రంథాలతో కోరమాండల్ బట్టకు ప్రపంచ కళాచరిత్రలో గౌరవస్థానం లభించింది. ఇర్విన్, బ్రెట్‌ల వాదం ముఖ్యమైనది: పూలచెట్టు బొమ్మలో భారతీయ ప్రతిభ ఎంత ఉందో లండన్ నుంచి వచ్చిన నమూనాల ఒత్తిడీ అంతే ఉంది. ఎర్రని నేల తగ్గించి తెల్లని నేల పెంచాలని 1643లోనే కంపెనీ పెద్దలు సూరత్‌కు రాశారు. ఈ వాదాన్ని అంగీకరిస్తూనే ఒక మాట చెప్పవలసి ఉంది. నమూనా ఎవరిదన్న ప్రశ్న చుట్టూ తిరిగిన ఈ చర్చ ఆ నమూనాను గీసిన పనివాడు ఏ భాషలో ఆలోచించాడన్న ప్రశ్నను అడగలేదు. స్వదేశంలో 1949లో అహ్మదాబాదులో స్థాపితమైన కాలికో మ్యూజియం సేకరణ, ప్రచురణలు ఆ లోటును కొంత తీర్చాయి కాని, వాటి దృష్టి కూడా ప్రధానంగా సాంకేతిక విధానం మీదే.

తెలుగు మాట్లాడే బట్ట

సేకరణల్లోని కోరమాండల్ బట్టల్లో ఒక రకం మాత్రం మౌనంగా ఉండదు. శ్రీకాళహస్తి పరిసరాల్లో దేవాలయాల కోసం తయారైన 19వ శతాబ్దపు పెద్ద తెరల్లో రామాయణ, భారత కథలు వరసలు వరసలుగా సాగుతాయి. బొమ్మల వరసకూ వరసకూ మధ్య సన్నని పట్టీలో తెలుగు లిపిలో వాక్యాలు ఉంటాయి. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న దేవాలయ తెరలను పరిశీలిస్తూ ఆన్నా దల్లాపికోలా 2015లో ప్రచురించిన గ్రంథం ఈ వాక్యాలవైపు దృష్టి మళ్లించింది. అది కళాచరిత్ర గ్రంథం కనుక వాక్యం బొమ్మను గుర్తించడానికి సాయపడేంత మేరకే దాని పని.

తెలుగు పరిశోధకుల పని అక్కడ మొదలవుతుంది. ఇది తాళపత్రం కాదు, శాసనం కాదు, అచ్చు పుస్తకం కాదు. పండితుడు సరిదిద్దని, అచ్చుకూటం కంటపడని తెలుగు. ఎవరు ఎవరితో ఏమంటున్నారో, ఎవరు ఎక్కడికి పోతున్నారో చెప్పే పొట్టి వాక్యాలు. దేవాలయ మండపంలో తెర కట్టినప్పుడు కథ చెప్పేవాడు వాటిని ఆసరాగా చేసుకుని గొంతెత్తేవాడు. చదువురాని భక్తుడు బొమ్మ చూసేవాడు. క్రియారూపాలు, సంధులు, వర్ణక్రమం, కథాఘట్టాల ఎంపిక, పాత్రల పేర్ల వాడుక రూపాలు ఏ రామాయణ సంప్రదాయాన్ని అనుసరించాయన్నవి ఇక్కడ అడగదగిన ప్రశ్నలు. ద్విపద రామాయణాల వాక్యంతో వీటిని పోల్చి చూస్తే బొమ్మవెనుక ఉన్న పాఠం ఏదో తేలే అవకాశం ఉంది. సోమనాథుని పట్టిక పేరునిచ్చి వస్త్రాన్ని దాచిపెడితే, ఈ తెర వస్త్రాన్నీ మాటనూ ఒకేచోట, ఒకే చేత్తో రాసి అందిస్తుంది.

శ్రీకాళహస్తి పని 20వ శతాబ్దం మధ్యకు దాదాపు ఆరిపోయే దశకు వచ్చింది. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డు ద్వారా కమలాదేవి చట్టోపాధ్యాయ చేసిన కృషివల్ల 1957లో అక్కడ శిక్షణ కేంద్రం ప్రారంభమైంది. జొన్నలగడ్డ లక్ష్మయ్య, ఆయన కుమారుడు గుర్రప్పశెట్టి ఆ పరంపరను నిలిపారు. గుర్రప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. చిత్రకారుని పేరు బట్టతోపాటు ప్రయాణించడం మొదలైంది ఈ దశలోనే. అంతకు ముందరి తెరల్లో రాముని పేరుంది, వాలి పేరుంది, రాసినవాని పేరు అరుదు.

పాత తెరల విషయంలో ఆలస్యానికి మూల్యం ఉంది. గీతలకు వాడిన ఇనుప నలుపు కాలక్రమేణా నూలును తినేస్తుంది. ఎరుపు, నీలం చెక్కుచెదరకుండా ఉన్న పాత బట్టల్లో కూడా నల్లగీత ఉన్నచోట దారం పెళుసై రాలిపోవడం సంరక్షకులు తరచు చూసేదే. తెరమీది అక్షరాలను కూడా అదే కలంతో, అదే నలుపుతో రాశారు. పువ్వు రేకు అంచు రాలితే పక్క పువ్వును చూసి పూరించుకోవచ్చు. వాక్యంలో క్రియ రాలిపోయిన చోట మిగిలేది అక్షరం ఆకారంలో ఉన్న చిన్న చిరుగు, దాని వెనుక మ్యూజియంవారు అతికించిన కొత్త అస్తరు గుడ్డ.